జత తప్పిన స్పీకరు

“ఆ స్పీకర్లు రెండూ కలిసి ఉంటేనే వాటికి విలువ. అలాంటప్పుడు ఒక్కటే ఎందుకు ఎత్తుకుపోతాడయ్యా? ఎడమకాలి చెప్పు ఒక్కటే కాజేసిన దొంగ ఎప్పుడైనా నీ చేతికి చిక్కాడా?”

ఇన్‌స్పెక్టర్ వెనక నిలబడ్డ ఇద్దరు కానిస్టేబుళ్ళు నవ్వు ఆపుకోవడానికి కార్పెట్ వైపు చూశారు. ఇన్‌స్పెక్టర్ మాత్రం నవ్వలేదు. నవ్వితే ఇక్కడ పరువు పోతుంది. నవ్వకపోతే అన్నయ్య ఇంటికి భోజనానికి వెళ్ళినప్పుడు వదిన ఇదే మాట మళ్ళీ ఎత్తి ఏడిపిస్తుంది. ఎటు చూసినా నష్టం తనకే.

“మేడమ్, పోలీసుల పని పోలీసుల్ని చేసుకోనివ్వండి,” అన్నాడు బిగదీసుకుని.

“ఇంట్లో వదిన, ఇక్కడ మేడమా? సరే కానీ. నేనూ పని మీదే వచ్చాను, మరిదిగారూ.”

ఆమె ప్రైవేటు డిటెక్టివ్. ఎడమ చెవి వినపడదు. పోలీసు డిపార్ట్‌మెంటు మొత్తం ఆమెను వెనకాల ‘ఒంటిచెవి’ అంటుందని ఆమెకు తెలుసు. ఆ పేరు మీద కోపం కూడా లేదు. వినదలుచుకోని మనిషిని ఎడమ పక్కన కూర్చోబెట్టుకునే సౌకర్యం రెండు చెవులున్న వాళ్ళకు ఎక్కడుంది? ఆ లోటు పూడ్చుకోవడానికి ఆమెకు ఒక అలవాటైంది. ఏ గదిలోకి వెళ్ళినా బల్ల, గోడ, తలుపు, ఏది దొరికితే అది వేళ్ళతో తాకి చూస్తుంది. ఇన్‌స్పెక్టర్ ఆమె భర్తకు తమ్ముడు. ఆమె కాపురానికి వచ్చేనాటికి నిక్కర్లేసుకుని తిరిగేవాడు. లెక్కలు ఆమే నేర్పింది. అందుకే యూనిఫాంలో ఉన్నప్పుడు ఆమె ఎదురుపడితే అతనికి చొక్కా బిగుతైనట్టు ఉంటుంది.

ఈ కేసులో ఆమె ఎవరి తరఫునో చెప్పాలంటే గుమ్మం దగ్గర నిలబడ్డ అమ్మాయిని చూడాలి. పాతికేళ్ళుంటాయి. వేళ్ళ చివర ఎండిపోయిన జిగురు. స్పీకర్ల మెకానిక్ కూతురు. తండ్రి పాత స్పీకర్లకు సర్క్యూట్లు తిరిగి కడితే, ఆమె స్పీకర్లలో అదిరే కాగితపు గరాటుల్లాంటి కోనులు చిరిగితే వాటికి కొత్త అంచులు అతికిస్తుంది. నిన్న సాయంత్రం తండ్రి ఇంటికి రాలేదు. ఈ పొద్దున పోలీసులు ఇంటికొచ్చి వెతికి వెళ్ళగానే డిటెక్టివ్ తలుపు తట్టి, “మా నాన్న దొంగ కాదు మేడమ్,” అని ఒక్క మాట చెప్పింది.

ఆ ఒక్క మాటకే డిటెక్టివ్ చెప్పులు తొడుక్కుంది.

ఇది పాత రికార్డింగ్ స్టూడియో. చాలాకాలం మూతపడి ఉన్నదాన్ని ఇప్పటి యజమానురాలు మళ్ళీ తెరవాలని పట్టుబట్టింది. ఆమె మామగారు కట్టించిన స్టూడియో అది. ఆయన ప్రాణంగా చూసుకున్న రెండు స్పీకరు పెట్టెలు, నడుమెత్తు ఉండేవి, దుమ్ములోనే మిగిలిపోయాయి. కోనుల అంచులు పొడి పొడిగా రాలిపోయాయి. ఏ స్వరం ఏ స్పీకరుకు పోవాలో పంచిపెట్టే క్రాసోవర్ సర్క్యూట్లు ఎండిపోయాయి. మెకానిక్‌ను పిలిపించి, ఇక్కడే కూర్చుని బాగుచెయ్యమంది. ఈ పొద్దున చూస్తే రెండు పెట్టెల్లో ఒకటి లేదు. మెకానిక్ కూడా లేడు.

“వీళ్ళని ఉండనివ్వండి ఇన్‌స్పెక్టర్ గారూ,” అంది యజమానురాలు. “ఆయన వారంగా ఇక్కడ పనిచేస్తున్నారు. నాకూ మనసొప్పడం లేదు.”

“మనసు సంగతి కోర్టు చూడదండీ,” అంటూ ఇన్‌స్పెక్టర్ తన సాక్ష్యాలు ఏకరువు పెట్టాడు. “ఒకటి, మెకానిక్ ఫోను కలవడం లేదు. రెండు, అతని పనిముట్ల సంచి కూడా లేదు. మూడు, పెట్టె పట్టుకుని వెళ్తుంటే ఈ మేనేజరుగారు కళ్ళారా చూశారు. నాలుగు, బస్టాండులో పెద్ద పెట్టెతో ఒక ముసలాయన్ని చూశామని స్టేషన్‌కి ఫోనొచ్చింది. ఇంకేం కావాలి?”

“ఫోను స్విచ్ఛాఫ్ అంటోందా?”

“లేదు. అందుబాటులో లేదంటోంది. ఊరు దాటేసి ఉంటాడు.”

“పారిపోయేవాడు ముందు ఫోను ఆపేస్తాడు కదా,” అని ఆమె మేనేజరు వైపు తిరిగింది. అతన్ని జాగ్రత్తగా కుడిపక్క కుర్చీలో కూర్చోబెట్టుకుంది. ఈయన మాటలు ఒక్కటీ పోకూడదు.

మేనేజరుది నున్నగా దువ్వుకున్న తల, ఇస్త్రీ చెదరని చొక్కా. కుడిచేతి వాటం మనిషి. ఎడమ బొటనవేలికి మాత్రం బ్యాండేజీ చుట్టుకుని ఉంది.

“వేలికేమైందండీ?”

“కారు డోరులో పడింది.”

“అయ్యో. మెకానిక్ ఎన్నింటికి వెళ్ళాడు?”

“ఆరున్నరకి. గేటు దగ్గర నేనే నిలబడి ఉన్నాను.”

“పెట్టె పట్టుకెళ్తుంటే అడగలేదా?”

“ఇంట్లో చేసుకొస్తానన్నాడండీ. వారం నుంచి చూస్తున్న మనిషే కదా అని నమ్మాను. మంచితనానికి రోజులు కావివి.”

“ఆటో ఎక్కించాడా?”

“లేదు. భుజాన పెట్టుకుని నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.”

డిటెక్టివ్ లేచి, మిగిలిన పెట్టె దగ్గరికి నడిచింది. కానిస్టేబుళ్ళను పిలిచింది. “బాబూ, దీన్ని ఒకసారి ఎత్తి పక్కన పెట్టండి.”

ఇద్దరూ చెరో పక్క పట్టుకున్నారు. పెట్టె ఒక అంచు మాత్రం లేచింది. రెండోసారి ఊపిరి బిగబట్టి లేపితే బెత్తెడు ఎత్తుకి వచ్చి, మళ్ళీ నేలకు దిగబడింది. చిన్న కానిస్టేబులు నడుం పట్టుకుని మూలిగాడు.

“చెక్కా, లోపలి అయస్కాంతాలూ కలిసి ఇద్దరు మనుషుల బరువుంటుంది,” అంది మెకానిక్ కూతురు గుమ్మం దగ్గర నుంచే. “నాన్నకి నడుం నొప్పి కూడా ఉంది. తోపుడు బండి లేకుండా పెట్టె ముట్టుకోరు.”

మేనేజరు నీళ్ళు నమిలాడు. “బండి… అవును, బండి మీదే. చీకటి పడుతోంది కదా, భుజమనుకున్నాను. బండి కూడా పట్టుకుపోయాడు.”

“గేటు దగ్గరే ఉన్నారు, భుజానికీ బండికీ తేడా తెలియలేదు,” అంది డిటెక్టివ్ సానుభూతిగా. “వయసు పైబడితే చూపు అలాగే మందగిస్తుంది లెండి. మరిదిగారూ, మీ బస్టాండు ఫోను ఎప్పుడొచ్చింది?”

“ఈ పొద్దున. ఆరు దాటాక.”

“చేసిందెవరు?”

“పేరు చెప్పలేదు.”

“అమ్మగారు ఫిర్యాదు ఎప్పుడిచ్చారు?”

“ఎనిమిదింటికి.”

“అంటే పెట్టె పోయిందని ఈవిడకే తెలియక ముందు, ఎవరో పుణ్యాత్ముడికి తెలిసి నీకు ఫోన్ చేసి చెప్పాడన్నమాట.”

ఇన్‌స్పెక్టర్ మనసులోనే లెక్క చూసుకున్నాడు. ఫోను ఎత్తింది స్టేషన్ రైటరు. ఫిర్యాదు తీసుకుంది ఇంకొకరు. రెండు కాగితాలూ ఒకేసారి తన బల్ల మీదకొచ్చాయి. ముందూ వెనకా ఎవరు చూస్తారు? కానీ ఆ మాట పైకి చెప్పేటంత మెత్తని మనిషి కాడు. ఒంటికాలి మీద లేచాడు.

“వదినా, మీరు అన్నిటికీ ఏదో ఒక పుల్ల వెయ్యడం చిన్నప్పటినుంచీ చూస్తూనే ఉన్నాను! ఇది చూడండి. ఇదైనా కాదనండి చూద్దాం.” పెట్టె వెనక్కి తీసుకెళ్ళాడు. వెనక పలక ఊడదీసి గోడకు ఆనించి ఉంది. లోపల పళ్ళెమంత పెద్ద స్పీకరు వెనకభాగం కనిపిస్తోంది. అయస్కాంతం మీద కంపెనీ లేబులు. అక్షరాలన్నీ తలకిందులుగా ఉన్నాయి. “లేబులు తలకిందులుగా బిగించాడు. చేతులు వణుకుతూ హడావిడిగా పెట్టేసి పరుగెత్తినవాడి పని ఇది. వెనక పలక కూడా పెట్టలేదు. ఆంప్లిఫయర్ తీగలు పీకి పడేశాడు. ఏమంటారు?”

మేడమ్ పోయి వదిన వచ్చిందని డిటెక్టివ్ గమనించింది. మరిదికి నిజంగా కోపం వచ్చిందన్నమాట. కోపం వచ్చినవాడు ఆలోచించడం మొదలుపెడతాడని ఆమె అనుభవం. మెకానిక్ కూతురిని దగ్గరికి పిలిచింది.

“చూడు తల్లీ, మీ నాన్న హడావిడిలో ఇలా బిగిస్తాడా?”

ఆ అమ్మాయి వంగి లోపలికి చూసింది. చూస్తూ ఉండగానే ముఖం మారింది. మొదటిసారి ఆమె కళ్ళలో కొంచెం వెలుగు కనిపించింది.

“హడావిడి కాదండీ, కావాలనే తిప్పారు. ఇంత పెద్ద కోను ఏళ్ళ తరబడి నిలువుగా వేలాడితే దాని బరువుకి అదే కిందికి జారుతుంది. పాతది బాగుచేసినప్పుడు సగం చుట్టు తిప్పి బిగిస్తే, ఇన్నేళ్ళు జారింది మళ్ళీ మెల్లగా సమంగా వస్తుంది. కొత్త స్పీకరుకి అక్కర్లేదు. పాతదైతే నాన్న తిప్పకుండా వదలరు.”

“సమంగా రావడానికి ఎన్నాళ్ళు పడుతుంది?”

“ఏళ్ళు పడుతుంది. మళ్ళీ ఇరవై, ముప్పై ఏళ్ళు పాడాలని చేస్తారు.”

“విన్నావా? ముప్పై ఏళ్ళ తర్వాతి పాట కోసం మధ్యాహ్నం స్పీకరు తిప్పి బిగించినవాడు, సాయంత్రానికి పారిపోయాడట.”

ఇన్‌స్పెక్టర్ వంగి, తనూ లోపలికి చూశాడు. సర్క్యూటు పలక మీద కొత్త కెపాసిటర్లు వరసగా, చక్కగా కట్టిన జడలా ఉన్నాయి. పైనున్న చిన్న స్పీకర్లు, సన్నని స్వరాలు పలికే ట్వీటర్లు, ఈ మధ్యే కొన్నవి. పాతవి కాలిపోతే, అసలువి ఎక్కడా దొరక్క, కొలత కుదిరిన వేరే రకం వేశారట.

“అవంటే నాన్నకి ఇష్టం లేదు,” అంది అమ్మాయి. “గొంతు వేరేవాళ్ళది పెట్టినట్టుందని అంటారు. మా దగ్గరికొచ్చే ఇలాంటి పెట్టెల కోసం మూడేళ్ళుగా అసలువి వెతుకుతున్నాం.” అంతలో డిటెక్టివ్ వైపు తిరిగింది. “మేడమ్, ఆయనకి షుగరు. సాయంత్రం మాత్ర వేసుకుని ఏమీ తినకపోతే కళ్ళు తిరిగి పడిపోతారు. మధ్యాహ్నం అన్నం పట్టుకెళ్ళిన డబ్బా తప్ప ఆయన దగ్గర ఏమీ లేదు. ఎక్కడున్నారో…”

దొంగ ఎవరో తర్వాత తేల్చుకోవచ్చు. మనిషిని ముందు పట్టుకోవాలి. డిటెక్టివ్ తన కంగారు ముఖంలో కనపడనివ్వలేదు. ఆ అమ్మాయి ఇప్పుడు తన ముఖం చూసే ధైర్యంగా నిలబడిందని ఆమెకు తెలుసు.

“ఆంప్లిఫయర్ తీగలు పీకి పడేశాడన్నావు. పడెయ్యలేదు మరిదిగారూ, చుట్టచుట్టి, ముడేసి పక్కన పెట్టాడు. మరి ఈ పెట్టెలోంచి వచ్చే తీగ ఎక్కడికి పోతోంది?”

పెట్టె వెనక నుంచి నల్లని జంట తీగ బయల్దేరి, కార్పెట్ అంచున పాకి, గోడ మొదట్లో ఉన్న చిన్న పాత ప్లగ్గులో దూరింది. ప్లగ్గు మీద దుమ్ము ఈమధ్యే తుడిచిన గుర్తు.

“అదేదో పాత లైను. ఎక్కడికీ పోదు. అన్నీ చచ్చిపోయిన తీగలే,” అన్నాడు మేనేజరు కుర్చీలోంచే. “ఇన్‌స్పెక్టర్‌గారూ, నాకు బ్యాంకు పనుంది. ఇంకా ఎంతసేపు?”

అడగని ప్రశ్నకు సమాధానం చెప్పేవాళ్ళంటే డిటెక్టివ్‌కు ఎప్పుడూ ఇష్టమే. అమ్మాయిని అడిగింది. “మీ నాన్న ఈ పెట్టెని గోడకెందుకు కలిపాడు?”

“పరీక్షకండీ. కరెంటు ఇచ్చే ముందు నాన్న ఒక పరీక్ష చేస్తారు. రెండు పెట్టెల తీగలూ ఒకదానికొకటి కలిపేసి, ఒకదాని కోను మెల్లగా లోపలికి నొక్కుతారు. అప్పుడు రెండోదాని కోను కూడా లోపలికే కదలాలి. ఎదురు కదిలిందంటే ఎక్కడో తీగలు తారుమారైనట్టు.”

“కరెంటు లేకుండా ఎలా కదులుతుందమ్మా?” ఇన్‌స్పెక్టర్ అడిగాడు. ఈసారి గొంతులో వెటకారం లేదు.

“కోను వెనక తీగచుట్ట, చుట్టూ అయస్కాంతం ఉంటాయి సార్. కరెంటిస్తే కోను కదులుతుంది. కోను కదిపితే కరెంటు పుడుతుంది. చాలా కొంచెమే. రెండో పెట్టెకి అది చాలు.” ఒక్క క్షణం ఆగి, తనలో తాను అనుకున్నట్టు అంది. “కానీ రెండు పెట్టెల్నీ ఇక్కడే పక్కపక్కన పెట్టి కలపొచ్చు కదా. గోడకెందుకు?”

ఎందుకంటే రెండో పెట్టె ఈ గోడ తీగకు అవతలి కొసన ఉంది. డిటెక్టివ్ తలలో ఆ మాట పూర్తయ్యేసరికి ఆమె చెయ్యి తన అలవాటు ప్రకారం పెట్టె ముందువైపుకు పోయింది. వేళ్ళు పెద్ద కోను మీద ఆనాయి.

“మేడమ్, కోను మీద వేళ్ళు…” అని అమ్మాయి ఏదో చెప్పబోయింది.

“ష్.”

ఏమీ లేదు. ఎండిన కాగితం, కొత్త అంచు మెత్తదనం. అంతే. ఆమె చెయ్యి తీయబోయింది.

అప్పుడు కోను కదిలింది.

నిద్రపోతున్న పసిపాప కడుపు కదిలినంత మెల్లగా. ఒకసారి. మళ్ళీ ఒకసారి. ఆ తర్వాత చాలాసేపు ఏమీ లేదు.

“ఆ ఏసీ ఆపండి!”

ఇన్నాళ్ళూ ఆమె గొంతు అంత గట్టిగా వినని ఇన్‌స్పెక్టర్ తనే పరుగెత్తి స్విచ్చి నొక్కాడు. పొద్దున్నుంచి గదంతా నిండిన గరగర ఒక్కసారిగా ఆగిపోయింది. అందరూ ఊపిరి బిగబట్టారు. చచ్చిందనుకున్న పెట్టెలోంచి, ఏ కరెంటూ లేని పెట్టెలోంచి, దూరాన ఎవరో దిండు మీద గుద్దినట్టు వినిపించింది.

ధబ్. ధబ్.

ఆగింది.

ధబ్.

మెకానిక్ కూతురు రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత ఎవరూ చెప్పకుండానే మోకాళ్ళ మీద కూర్చుని, పదివేళ్ళూ కోను మీద పరిచి, తండ్రి నేర్పినట్టే సమంగా, మెల్లగా లోపలికి నొక్కి వదిలింది. ఎదురుచూసింది. ఏమీ రాలేదు. ఇంకోసారి నొక్కి వదిలింది.

ఈసారి ఆమె చేతుల కింద కోను తనంతట తనే లోపలికి వెళ్ళింది. అటువైపు నుంచి ఎవరో నొక్కారు. మళ్ళీ నొక్కారు. ఆ తర్వాత ఆగకుండా, గబగబా, పిచ్చి సంతోషంతో కొట్టినట్టు కొట్టారు.

“నాన్నే,” అంది ఏడుస్తూ నవ్వుతూ. “లోపలికే కదిలింది మేడమ్. తీగలు సరిగ్గా కలిశాయి. మా నాన్నే!”

“అమ్మగారూ, ఈ గోడ తీగ ఎక్కడికి పోతుంది?” డిటెక్టివ్ అడిగింది.

యజమానురాలు పాలిపోయిన ముఖంతో గుర్తుచేసుకుంది. “మామగారి కాలంలో ఎకో గదని ఒకటుండేదట. మా అత్తగారు చెప్పేవారు. గట్టి సిమెంటు గది. అందులో స్పీకరు పెట్టి పాట వినిపిస్తే గోడలు మోగేవిట. ఆ మోతని మైకుతో పట్టి పాటకి కలిపేవారు. నేను ఈ ఇంటికి వచ్చేసరికే తాళం పడింది. నేనెప్పుడూ చూడలేదు. అది ఇటుకలతో మూసేశారని మేనేజరుగారే…”

అందరి తలలూ కుర్చీ వైపు తిరిగాయి. కుర్చీ ఖాళీగా ఉంది. మేనేజరు గుమ్మం దాటి రెండడుగులు వేశాడో లేదో, నడుం పట్టుకుని మూలుగుతున్న చిన్న కానిస్టేబులు నొప్పి మరిచిపోయి అతని కాలరు పట్టుకున్నాడు.

డిటెక్టివ్ వంగి కార్పెట్ చూసింది. పోయిన పెట్టె నాలుగు కాళ్ళూ దిగబడ్డ గుంటలు ఇంకా తాజాగా ఉన్నాయి. అక్కడినుంచి రెండు చక్రాల చారలు. పోలీసు బూట్లు తొక్కినచోట చెరిగినా, వెళ్ళే దారి తెలుస్తోంది. గేటు వైపు కాదు. లోపలి వసారా వైపు. వసారా గోడలకు ఈ నెలలోనే కొత్తగా చెక్కపలకలు బిగించారు. చారలు తిన్నగా వెళ్ళి, చివరి పలక కింద మాయమయ్యాయి. మిగతా పలకల మీద మేకుల తలలు కనపడకుండా చక్కగా దించి ఉన్నాయి. ఈ పలక మీద మాత్రం ఒకటి వంకర, ఒకటి సగం పైకి, ఒకదాని పక్కన సుత్తి దెబ్బ పడిన సొట్ట. సొట్ట పక్కనే ఎర్రని మరక.

“కారు డోరుకి మేకులు కొట్టారా మేనేజరుగారూ?” అంది బ్యాండేజీ చుట్టిన బొటనవేలు చూస్తూ.

ఇన్‌స్పెక్టర్ ఇంకేమీ వినలేదు. టోపీ తీసి వదిన చేతిలో పెట్టి, జీపులోంచి తెచ్చిన ఇనపకడ్డీ పలక అంచున దూర్చి, భుజంతో తోశాడు. పలక చీలి ఊడివచ్చింది. వెనక, అరచేతి వెడల్పంత మందం ఉన్న పాత తలుపు. బయటనుంచి గడియ.

గడియ తీసి లాగితే లోపల చీకటి. టార్చి వెలుగు గోడల మీద పడింది. గది మధ్యలో పోయిన స్పీకరు పెట్టె, పక్కన తోపుడు బండి, పనిముట్ల సంచి. పెట్టె తీగ గోడలోకి పోతోంది. దానికి వీపు ఆనించి, నేల మీద కూర్చున్న మనిషి. ఒక చెయ్యి వెనక్కి తిప్పి ఇంకా కోను మీదే పెట్టి ఉంచాడు.

“నాన్నా!”

ఆ గది ఆ పిలుపును పట్టుకుని పైకప్పుకీ గోడలకీ తిప్పి తిప్పి వినిపించింది. ఎన్నో ఏళ్ళుగా ఏ గొంతూ వినని గది, ఒక్క మాటను వదలబుద్ధి కానట్టు.

యజమానురాలు పంచదార కలిపిన నీళ్ళు పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. రెండు గుక్కలు పడ్డాక మెకానిక్ పెదవులకు రంగు వచ్చింది. కూతురి తల నిమిరాడు.

“ఏడవకే పిచ్చిదానా. నువ్వు తిరిగి నొక్కగానే ప్రాణం లేచొచ్చింది. ఎవరో తెలియనివాళ్ళైతే ఠపీమని గుద్దుతారు. నువ్వు కాబట్టి సమంగా నొక్కావు.” తర్వాత వేలితో గోడ వైపు చూపించాడు. “అటు చూడు.”

టార్చి అటు తిరిగింది. గోడ పొడుగునా అట్టపెట్టెలు. సీలు విప్పనివి. అన్నిటి మీదా స్పీకరులోని లేబులు మీద ఉన్న గుర్తే.

“అసలు ట్వీటర్లు,” అంది కూతురు. నమ్మలేక పెట్టె మీద చెయ్యి వేసి చూసుకుంది.

“ఆంప్లిఫయర్ పక్కన ప్లగ్గు చూసి, తీగ వెంటే వచ్చాను. అప్పటికి ఈ తలుపు ముందు పలక ఆనించారే తప్ప మేకులు కొట్టలేదు. మోగే గదిలో పాత పెట్టె గొంతు ఎలా ఉంటుందో విందామని ఆశపడి బండి మీద తెచ్చి, ఆ తీగకే కలిపాను. పెద్దాయన కాలంలో తెప్పించినవే కాబోలు, ఇవి కనపడ్డాయి. అమ్మగారికి చెబుదామని తిరిగేసరికి తలుపు మూసుకుంది. అరిచాను. గొంతు పోయేదాకా అరిచాను. నా అరుపు నాకే తిరిగొచ్చింది. ఫోనుకి సిగ్నలు లేదు.”

“దాచుకుని ఒక్కొక్కటీ అమ్ముకుంటున్నాడన్నమాట,” అన్నాడు ఇన్‌స్పెక్టర్. అతను సిగ్గుపడ్డాడు. పడినట్టు చెప్పడానికి వెనకాడలేదు కూడా. “మిమ్మల్ని దొంగ అనుకున్నానండీ. తప్పు నాదే.”

“అది కాదు బాబూ, అసలు సంగతి వినండి.” మెకానిక్ అతని చెయ్యి పట్టుకున్నాడు. “ఈ మేనేజరు లోపలి లైట్లు తీసేశాడు. పలక కొట్టేశాడు. పాపం, కరెంటు లేని స్పీకరు చెవిటిదనుకున్నాడు. పొద్దున్నే అక్కడ ఆ పెట్టె పక్కనే నిలబడ్డాడో ఏమో, ఎవరితోనో ఫోన్లో మాట్లాడాడు. దాని ముందు మాట్లాడితే కోను కదలదా? ఇక్కడ ఈ కోనుకి చెవి ఆనించి కూర్చున్నవాణ్ణి, సగం సగంగా వినపడింది. ‘నువ్వే స్టేషన్‌కి ఫోన్ చెయ్యి, బస్టాండులో చూశానని చెప్పు’ అన్నాడు. ‘ముసలాడి సంగతి రెండు రోజులు ఆగితే అదే తేలిపోతుంది’ అని కూడా అన్నాడు.”

కూతురు తండ్రి చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకుంది. మేనేజరు ముఖంలో నెత్తురు చుక్క లేదు.

డిటెక్టివ్ టోపీని తిరిగి మరిది నెత్తిన పెట్టింది. “నీ నాలుగో సాక్ష్యం ఇప్పుడు పనికొస్తుంది. ఆ బస్టాండు ఫోను ఏ నంబరు నుంచి వచ్చింది?”

ఇన్‌స్పెక్టర్ స్టేషన్‌కి ఫోన్ చేసి నంబరు రాబట్టాడు. కానిస్టేబులు మేనేజరు జేబులోంచి ఫోను తీశాడు. పొద్దున చేసిన మొదటి కాల్ అదే నంబరుకు. అంకెకి అంకె సరిపోయింది. వదినా మరిదీ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇద్దరికీ ఒకే ఆలోచన వచ్చిందని ఇద్దరికీ తెలిసింది. ఇన్‌స్పెక్టర్ మేనేజరు నోరు అరచేత్తో మూశాడు. డిటెక్టివ్ మేనేజరు ఫోనులోనే ఆ నంబరు నొక్కి, అందరికీ వినపడేలా పెట్టింది.

ఒక్క మోతకే ఎత్తారు.

“పోలీసులు పోయారా?” మగగొంతు, అసహనంగా. “వెనక సందులో బండిలో కూర్చుని గంటయింది. మొదటి రెండు అట్టపెట్టెలూ తెస్తావా, నన్నే లోపలికి రమ్మంటావా?”

ఇన్‌స్పెక్టర్ గొంతు బొంగురు చేసుకుని, “రా,” అన్నాడు.

ఫోను ఆగింది. అతను కానిస్టేబుళ్ళకు సైగ చేశాడు. ఒకడు మేనేజర్ని పక్కగదిలోకి లాక్కుపోయాడు. ఇంకొకడు వెనక తలుపు పక్కన గోడకు అతుక్కున్నాడు. డిటెక్టివ్ మెకానిక్‌నూ, కూతురినీ, యజమానురాలినీ ఆ మందపాటి తలుపు వెనక్కి జరిపి, తను గుమ్మానికి అడ్డంగా నిలబడింది. వేళ్ళు తలుపు చెక్క మీద ఆనించింది.

“వదినా, మీరూ లోపలే ఉండండి,” అన్నాడు ఇన్‌స్పెక్టర్ గుసగుసగా.

“ఎడమ పక్క నుంచి చెబుతున్నావు, వినపడలేదు,” అంది ఆమె.

మెకానిక్ కూతురి భుజం ఆసరాతో నిలబడి, ఇన్‌స్పెక్టర్ చొక్కా చెయ్యి పట్టుకుని లాగాడు. “బాబూ, ఒక్క మాట. కొట్లాట ఏదైనా అట్టపెట్టెలకి దూరంగా పెట్టుకోండి. ఈ రాత్రికి ఆ రెండు పెట్టెలకీ వాటి గొంతు వాటికి పెట్టెయ్యాలి.”

వెనక సందులో కారు తలుపు మూసుకున్న అదురు డిటెక్టివ్ వేళ్ళకు తగిలింది. అడుగుల చప్పుడు దగ్గరపడుతోంది. ఒకరివి కాదు. ముగ్గురివి.